బొబ్బిలి కోటలో ముసలివాని వేషం

జనవరి 24 వచ్చిందంటే నాకు రెండు సంగతులు జ్ఞప్తికి వస్తాయి. మొదటిది లోకమంతా ఎరిగినదే. 1757లో ఆ దినాన బొబ్బిలి కోట కూలింది. రెండవది నాకూ, మరి ఒకరిద్దరికీ తప్ప ఎవరికీ తెలియనిది. 1993లో గోదావరిఖనిలోని ఒక బడిలో నేను ఆ కథను నాటకంగా ఆడించాను. ఆడించడానికి రెండు రోజుల ముందు ఎర్రసిరా కలంతో అందులో ఒక రంగాన్ని కొట్టివేశాను. ముప్పై ఏళ్ళు దాటినా ఆ ఎర్రగీత నన్ను వదలలేదు. ఈ టపా దాని గురించి.

నేను తెలుగు పండితుణ్ణి. పండిత శిక్షణ పూర్తి చేసుకొని ఉద్యోగంలో చేరినది మొదలు 2018లో విరమించే వరకు అధిక భాగం ఈ బొగ్గు నేలమీదనే గడిపాను. ఇక్కడ గనిని గని అనరు, 'బాయి' అంటారు. బావికే తెలంగాణ రూపం అది. ఊర్లో నీళ్ళకోసం తవ్వినదీ బాయే, బొగ్గుకోసం తవ్వినదీ బాయే. పిల్లవాడిని 'మీ నాయన ఏడీ?' అంటే 'బాయికి పోయిండు' అని జవాబు. ఎన్నో షిఫ్టు అని అడిగితే తండ్రి ఎప్పుడు నిద్రపోతాడో, ఇంట్లో గట్టిగా పద్యం చదవడానికి వీలున్న వేళ ఏదో తెలిసిపోయేది. నా శిష్యులలో అనేకుల తండ్రులు పాత కరీంనగరం జిల్లా పల్లెలనుంచి వచ్చినవారు. గడీలలో వెట్టి చేయలేక కొందరు, 1978 జగిత్యాల, సిరిసిల్ల కల్లోలాలలో ఊరు విడిచి కొందరు, కరువుకు కొందరు. కోస్తా జిల్లాలవారూ, ఉత్తర హిందూస్థానంవారూ ఉండేవారు. ఒక్క తరగతి గదిలో పదిరకాల తెలుగు వినబడేది. నేను మాత్రం అందరిచేతా ఒకే తెలుగు మాట్లాడించాలని తాపత్రయపడేవాణ్ణి. అది నా వృత్తి, నా వ్యసనం.

ఆ ఏడు వార్షికోత్సవానికి చారిత్రక నాటకం కావాలన్నారు. నేను వెంటనే బొబ్బిలి అన్నాను. శ్రీపాద కృష్ణమూర్తి శాస్త్రిగారు, వేదం వెంకటరాయ శాస్త్రిగారు ఇద్దరూ ఈ కథను నాటకంగా రచించారు. యుద్ధం జరిగిన కొన్ని దశాబ్దాలకే దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము' అనే కావ్యం చెప్పాడు. జంగం కథలు, బుర్రకథలు సరేసరి. 1964 నాటి చలనచిత్రంలో రంగారాయుడుగా రామారావును, మల్లమ్మగా భానుమతిని, తాండ్ర పాపారాయుడుగా రంగారావును చూసిన వారికి ఆ కథ వేరే చెప్పనక్కరలేదు. పిల్లలు ఆడదగినట్టు వీటన్నిటి ఆధారంతో గంటసేపటి ప్రతి ఒకటి నేనే కూర్చుకున్నాను. ఎవరి పద్యమూ తీసుకోలేదు. అన్నీ నా పద్యాలే. అది వేరే అపరాధం, దాని ప్రస్తావన ఇప్పుడు వద్దు.

కథ క్లుప్తంగా. ఉత్తర సర్కారులు నిజాము ద్వారా 1753లో ఫ్రెంచివారి చేతికి వచ్చాయి. బకాయిలు రాబట్టడానికి బుస్సీ సైన్యంతో బయలుదేరాడు. విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు అతనికి తోడు. విజయరామరాజుకూ బొబ్బిలి రంగారావుకూ సరిహద్దుల తగాదా, కాలువ నీళ్ళ తగాదా పాతవి. బుస్సీ, రంగారావుకు కబురు చేశాడు. బొబ్బిలి విడిచిపెట్టు, దానికంటె పెద్దదీ, విలువైనదీ అయిన భూమిని వేరొక చోట ఇస్తానన్నాడు. రంగారావు ఒప్పుకోలేదు. కోటను ముట్టడించారు. కోట నిలవదని తెలిసిన తరువాత లోపలి స్త్రీలనూ, పిల్లలనూ తమవారే చంపి, పురుషులు యుద్ధంలో మరణించారు. మూడవనాటి రాత్రి విజయరామరాజును ఆయన గుడారంలోనే పొడిచి చంపారు. ఆ పొడిచినవాడు తాండ్ర పాపారాయుడని మన సంప్రదాయం. ఈ వృత్తాంతాన్ని ఆ శతాబ్దంలోనే రాబర్ట్ ఓర్మ్ అనే ఆంగ్ల చరిత్రకారుడు విపులంగా రాసి పెట్టాడు.

వేషాలు పంచేటప్పుడు నాకొక పండితబుద్ధి పుట్టింది. ఈ నాటకంలో అందరూ గౌరవం కోసమే చస్తారు, చంపుతారు. అయితే అందరి గౌరవమూ ఒకటేనా? నల్లబల్లమీద పాత్రల పేర్లు వరుసగా రాసి ఒక్కొక్కరి ఎదుట ఒక్కొక్క మాట రాశాను. ఎవరి నోటినుంచి ఏ మాట ఎక్కువగా రావాలో పిల్లలకు తెలియాలని.

రంగారావు పేరు ఎదుట 'మర్యాద' అని రాశాను. మర్యాద అంటే మనం ఇప్పుడు అతిథికి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టడం అనుకుంటున్నాము. సంస్కృతంలో దానికి మొదటి అర్థం హద్దు, పొలిమేర. సముద్రానికి చెలియలికట్ట మర్యాద. అది దాటితే ప్రళయం. రంగారావు పట్టుదల నాకు ఆ అర్థంలోనే బోధపడింది. బుస్సీ ఇస్తానన్నది తక్కువ భూమి కాదు, ఎక్కువ భూమి. లెక్క చూసుకునేవాడైతే పుచ్చుకునేవాడే. కాని తాతలనాటి హద్దురాయి దగ్గర నిలబడినవానికి, 'ఈ రాయి ఇక్కడ తీసి అక్కడ పాతుకో' అంటే అది లాభం కాదు, అవమానం. ఈ సంగతి తరగతిలో చెబుతూ ఉంటే వెనుక బల్లనుంచి ఒక కుర్రవాడు, ఓపెన్‌కాస్టు కింద ఊరు పోయినవాడు, అన్నాడు: 'ఆయన్ను జెర అడిగిండ్రు సార్. మమ్ముల అడుగలె.' నేను వాణ్ణి కూర్చోమన్నాను. పాఠం సాగాలి కదా.

విజయరామరాజు ఎదుట 'ప్రతిష్ఠ' అని రాశాను. ప్రతిష్ఠ అంటే స్థిరంగా నిలబడి ఉండడం, నిలబెట్టడం. గుడిలో విగ్రహాన్ని ప్రతిష్ఠించినట్టు. విజయనగరం పెద్ద సంస్థానం. పక్కనున్న చిన్న సంస్థానంవాడు తలవంచకపోతే పెద్దవాడి నిలకడకు పగులు వస్తుంది. ఈ వేషం కట్టే పిల్లవాడు ముఖం ముడుచుకున్నాడు. నాకు దుర్మార్గుడి వేషం ఇచ్చారేమిటని. వాణ్ణి ఓదార్చడానికి చెప్పిన ముచ్చట నాటకంలో లేనిది, అయినా నాకు ప్రియమైనది.

ఈ విజయరామరాజు మరణించిన 37 ఏళ్ళకు అదే వంశంలో చిన్న విజయరామరాజు ఉన్నాడు. ఈస్టిండియా కుంపిణీవారు పేష్కషు బకాయిల మిషమీద సంస్థానాన్ని స్వాధీనం చేసుకొని, నెలకు 1200 రూపాయల భరణం ఇస్తాము, మచిలీపట్నం వెళ్ళి ఉండమన్నారు. ఆయన వెళ్ళలేదు. పరివారంతో పద్మనాభం చేరుకున్నాడు. 1794 జూలై 10న కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సేనతో జరిగిన యుద్ధంలో మరణించాడు. ఇల్లు విడిచి ఇంకొక చోటికి పొమ్మంటే పోలేదు, అంతే. బొబ్బిలి రంగారావు చేసినదీ అదే కదా! తాత ఒకరి మర్యాదను కాలరాస్తే మనుమడి తరంలో ఆ మర్యాద కోసమే ప్రాణం విడవవలసి వచ్చింది. బొబ్బిలి కొమరుడు చిన్న రంగారావుకు తన సంస్థానం తిరిగి లభించినది ఆ పద్మనాభం తరువాతనే. చరిత్ర మనకంటె గడుసు నాటకకర్త. ఈ ముచ్చట విన్న తరువాత ఆ పిల్లవాడు మీసం దువ్వుకోవడం మొదలుపెట్టాడు. బొగ్గుమసితో గీసిన మీసం.

అయితే తరగతిలో సగంమందికి ఈ ఇద్దరి తారతమ్యం పట్టలేదు. బొబ్బిలి ప్రభువులు రాచకొండ రేచెర్ల వెలమల శాఖవారని నేనే చెప్పాను, మన తెలంగాణకూ ఆ కోటకూ చుట్టరికం ఉన్నదని సంబరంగా. దాని ఫలితం వేరుగా తేలింది. 'ఇద్దరు దొరలు కొట్లాడిండ్రు, నడుమ జీతగాళ్ళు సచ్చిండ్రు. గంతే గద సార్!' అన్నాడొకడు. కృష్ణకు అవతల ఏ బడిలో ఆడినా బొబ్బిలి అంటే రోషం. ఇక్కడి పిల్లలకు 'దొర' అన్న ఒక్క మాటతో ఆ రోషం చల్లారిపోయింది. నేను కోపగించుకున్నాను కాని, వాడన్నది తప్పని నిరూపించే పద్యం నా దగ్గర లేకపోయింది.

పాపారాయుడి ఎదుట 'పౌరుషం' అని రాశాను. ఇది పిల్లలకు అతి సులభంగా అర్థమైన మాట, నాకు ఇప్పటికీ సులభం కానిది. కథ ప్రకారం ఆయన రాజాంలో ఉన్నాడు. వార్త అందేసరికి బొబ్బిలి బూడిదయింది. ఆయనది ఆలస్యంగా వచ్చినవాని పౌరుషం. రక్షించవలసిన వేళ లేకపోయినవాడు చేయగలిగినది ప్రతీకారం ఒక్కటే. అర్ధరాత్రి గుడారంలో దూరి, నిద్రించే శత్రువును చంపడం. శరీరంమీద 32 గాయాలు ఉన్నాయని ఓర్మ్ లెక్క. ఒక మనిషి చనిపోవడానికి అన్ని గాయాలు అక్కరలేదు. మిగిలినవి ఎవరికోసం పొడిచినట్టు? రానందుకు తనను తాను పొడుచుకున్నట్టు నాకు తోస్తుంది.

మహాభారతంలో సౌప్తికపర్వం చెప్పిన నోటితోనే నేను ఈ రంగం చెప్పాను. అశ్వత్థామ చేసినది కూడా ఇదే. యుద్ధం ముగిసిన రాత్రి, శిబిరంలో, నిద్రపోతున్నవారిని. అతనినేమో మూడువేల ఏళ్ళు పుండ్లతో తిరగమని శపించాము. పాపారాయుడికి విగ్రహాలు పెట్టాము. అశ్వత్థామ పసివారిని చంపాడు, పాపారాయుడు చంపలేదు. అది పెద్ద భేదమే, కాదనను. అయినా సభలో చప్పట్లు కొట్టించే రంగం రాస్తున్నప్పుడు నా మనసులో అశ్వత్థామ ఒక మూల కూర్చునే ఉన్నాడు.

బుస్సీ ఎదుట 'ఒడంబడిక' అని రాసి వదిలేశాను. ఆయనకు ఇచ్చిన మాట, పుచ్చుకున్న సొమ్ము, రెండూ విజయరామరాజువే. ఎక్కువ చెప్పుకోవలసినది లేదు.

మల్లమ్మ ఎదుట 'మానం' అని రాశాను. రాస్తూ రాస్తూనే పండిత వ్యాఖ్యానం. 'మన్' ధాతువునుంచి వచ్చిన మానానికి ఆదరం, గౌరవం అని అర్థం. 'మా' ధాతువునుంచి వచ్చిన మానానికి కొలత అని అర్థం. తెలుగులో పురుషుడి మానం అంటే గౌరవమే. ఆడదాని మానం అంటే మాత్రం శీలం అయి కూర్చున్నది. మాట ఒకటే, మనిషిని బట్టి అర్థం ఇరుకైపోయింది. ఇంతవరకు చెప్పి, నా పాండిత్యానికి నేనే మురిసి సుద్దముక్క దించాను. మల్లమ్మ వేషం కట్టవలసిన పిల్ల లేచి నిలబడింది. హాజరు పిలిస్తే తప్ప గొంతు వినబడని పిల్ల.

'సార్, ఆడోళ్ళను సంపింది మానం పోతదనే గద. గా మానం ఎవలిది సార్? సచ్చినోళ్ళదా, సంపినోళ్ళదా?'

తరగతి నిశ్శబ్దమైపోయింది. కథలో మల్లమ్మ తానే అందుకు సిద్ధపడిందని చెప్పాను. 'చిన్నపోరలు కూడ తయారైనరా సార్?' అన్నది. సంభాషణలు కంఠస్థం చేసుకో, ప్రశ్నలు తరువాత అన్నాను. ఆ తరువాత అనేది రాలేదు. ఇటీవలి సంవత్సరాలలో మన పత్రికలు 'పరువు హత్య' అని ఒక సమాసాన్ని సృష్టించాయి. ఎక్కడో ఒకచోట కూతురు వేరే కులంవాణ్ణి చేసుకున్నదని తండ్రి కత్తి పట్టడం, లేదా మనుషులను కుదుర్చుకోవడం. పరువు దేశ్యం, హత్య సంస్కృతం. ఆ రెండింటినీ కలిపి సమాసం చేస్తే వ్యాకరణం సణుగుతుంది. నేను ఆ మాట పత్రికలో చూసినప్పుడల్లా నల్లబల్లా, ఆ పిల్లా కనబడతారు. ఎవరి పరువు, ఎవరి హత్య? సమాసం విప్పి విగ్రహవాక్యం చెప్పమంటే పండితుణ్ణి నేను తడబడతాను.

నల్లబల్లమీద ఒక పాత్ర ఎదుట ఖాళీ మిగిలిపోయింది. అది ముసలివాడు.

ఓర్మ్ రాతలో వీడు ఒక్క క్షణం కనబడతాడు. కోట కాలుతున్నది. అంతా శవాలు. అప్పుడొక వృద్ధుడు ఒక పసివాణ్ణి వెంటబెట్టుకొని ఫ్రెంచి అధికారి లా ఎదుటికి వస్తాడు. వీడు రంగారావు కొడుకనీ, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా తాను వీణ్ణి బతికించాననీ చెబుతాడు. అంతే. పేరు లేదు. తరువాత ఏమైనదీ లేదు. ఆ పసివాడికి బుస్సీ అభయమిచ్చి, తండ్రి వద్దన్న ఆ వేరేచోటి భూమికే అధిపతిని చేయడానికి పత్రాలు రాయించాడని కూడా ఓర్మ్ చెబుతాడు. ఏ భూమి పుచ్చుకోవడం అవమానమని కోట కోటే చచ్చిందో అదే భూమి!

ఈ ముసలివాని వేషం ఒక టింబర్‌మన్ కొడుకుకు ఇచ్చాను. గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనివాడు టింబర్‌మన్. పిల్లవాడు సన్నగా, పొడుగ్గా, కొంచెం వంగి నడిచేవాడు. అందుకని ఇచ్చాను. వేరే కారణం లేదు. నల్లబల్లమీద ఈ పాత్రకు ఏ మాట రాయాలి సార్ అని వాడే అడిగాడు. స్వామిభక్తి అందామా? స్వామి ఆజ్ఞను మీరినవాడు. ధిక్కారం అందామా? స్వామి కొడుకునే కాపాడాడు. చివరకు నేను, 'చిన్న పాత్ర, దానికి మాట అక్కరలేదు' అన్నాను.

ఇంకా రెండు రోజులున్నదనగా నాటకం గంటకు ఇరవై నిమిషాలు ఎక్కువ వచ్చింది. ముఖ్య అతిథి ఉపన్యాసం కుదించడం నా తరం కాదు. పాపారాయుడి రంగం కుదిస్తే చప్పట్లు పోతాయి. మల్లమ్మ పద్యాలు కుదిస్తే నా కవిత్వం పోతుంది. ఎర్రసిరా కలం తీసి ముసలివాని రంగం మొత్తం కొట్టివేశాను. ఆ పిల్లవాణ్ణి తెర లాగడానికి పెట్టాను.

మరునాటి ఉదయం వాడి తండ్రి బడికి వచ్చాడు. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. ముఖం కడుక్కున్నాడు కాని కనురెప్పల అంచున బొగ్గు కాటుకలాగా మిగిలి ఉన్నది. నేను అభ్యాసం చేయిస్తున్నాను. చుట్టూ పిల్లలున్నారు.

'నమస్తె సార్. ముసలోని ఏసం తీసేసిండ్రట?'

'సమయం చాలలేదు. వచ్చే ఏడు మంచి వేషం ఇస్తాను.'

'ఏసం కోసం గాదు సార్. పోరడు రోజు ఇంట్ల చెప్తుండె, నేను ఇంటుంటి. అందరు సచ్చుడు, సంపుడే ఉన్న కథల ఒక్క పానం నిలవెట్టింది గా ముసలోడే గద. దొర సంపుమన్నా సంపలె. గాయన్ను తీసేస్తె ఇగ ఏం మిగుల్తది సార్? మా బాయిల గూడ ఒకపారి...'

ఇక్కడ నేను అడ్డుపడ్డాను. ఆ క్షణాన నాకేమైనదో ఇప్పుడు విడమరచి చెప్పగలను. అప్పుడైతే చెప్పలేకపోయేవాణ్ణి. అతడు చెప్పినది నాకు తెలుసు. అది నిజమని గీత గీసినప్పుడే తెలుసు. కాని పిల్లల ఎదుట, చదువు లేని మనిషి, పండితుడికి నాటకం చెప్పడమా! నా మర్యాద, నా ప్రతిష్ఠ, నా పౌరుషం అన్నీ ఒక్కసారి లేచి కూర్చున్నాయి. నేను అన్నాను: 'నాటకం సంగతి నేను చూసుకుంటాను. మీరు బొగ్గు సంగతి చూసుకోండి.'

పిల్లలలో కొందరు నవ్వారు. అతని కొడుకు తెరతాడు పట్టుకొని నిలబడి ఉన్నాడు. నవ్వలేదు.

'సరే సార్' అన్నాడు ఆ మనిషి. నమస్కారం చేసి వెళ్ళిపోయాడు. నమస్కారం వెటకారంగా చేయలేదు, నిజంగానే చేశాడు. అది నన్ను ఎక్కువ కాల్చింది, అయితే ఆ మంట తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నాటకం అద్భుతంగా రక్తికట్టిందన్నారు. విజయరామరాజు గుడారంలో కత్తి దిగినప్పుడు బడి ఆవరణ దద్దరిల్లింది. నాకు శాలువా కప్పారు. తెర సరిగ్గా వేళకు లేచింది, వేళకు పడింది. ఆ పిల్లవాడు ఒక్క పొరపాటు చేయలేదు. తండ్రి రాలేదు. ఆ రోజు ఆయనకు రెండో షిఫ్టు అని తరువాత విన్నాను. షిఫ్టు లేకపోతే వచ్చేవాడా అన్నది నేనెరుగను.

'మా బాయిల గూడ ఒకపారి' అని అతను ఆపిన మాట పదేళ్ళు అలాగే ఉండిపోయింది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు విరుచుకుపడి 17 మంది కార్మికులు మరణించారు. ఆ వారమంతా ఊరిలో వేరే మాట లేదు. టీ కొట్టు దగ్గర పాత కార్మికులు పాత ప్రమాదాలు తలచుకుంటున్నారు. అక్కడ విన్నాను, ఆ టింబర్‌మన్ సంగతి. నేను ఆ ఊరికి రాకముందు ఎప్పుడో ఒక బాయిలో కప్పు చిటచిటలాడుతున్నదట. సర్దార్ అందరినీ బయటకు రమ్మన్నాడు. ఒకతను కాలు చిక్కుకొని లోపల ఉండిపోయాడు. పోవద్దని సర్దార్ భుజం పట్టుకొని ఆపాడు. ఆపడమే అతని విధి, అందులో తప్పు లేదు. ఈయన చెయ్యి విదిలించుకొని వెనక్కి వెళ్ళి, దుంగ ఎగదోసి, ఆ మనిషిని ఈడ్చుకొచ్చాడు. 'పరువు కోసం పోయినవా అని ఎవలో అడిగిండ్రు గప్పుడు,' అని ఒక ముసలి కార్మికుడు చెప్పాడు. 'ఇజ్జత్ లేదు గిజ్జత్ లేదు, ఆడ మనిషి ఉన్నడు గద అన్నడు.'

నల్లబల్లమీద ఆ ఖాళీ జాగాలో రాయవలసిన మాట నాకప్పుడు దొరికింది. దొరికినా అది నిఘంటువులో గౌరవానికి పర్యాయపదంగా లేదు. ఆడ మనిషి ఉన్నడు గద.

అప్పటికి ఆయన ఊరిలో లేడు. ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ అయి, ఉద్యోగం కొడుకుకు ఇప్పించి, సొంత పల్లెకు వెళ్ళిపోయాడట. పల్లె ముప్పై కిలోమీటర్ల దూరం లేదు. బస్సు రోజుకు నాలుగుసార్లు వెళ్ళేది. నేను వెళ్ళలేదు. ఈ వారం, వచ్చే వారం, పరీక్షలు కాగానే అనుకుంటూ వాయిదా వేశాను. ఏమని వెళ్ళడం, పదేళ్ళ కిందటి మాటకు అనుకున్నాను. అది సిగ్గు అని అప్పుడు పేరు పెట్టుకున్నాను. నిజానికి అదీ అభిమానమే. వంగడానికి వెనుకాడిన అభిమానం. ఆయన పోయాడన్న కబురు మరి రెండేళ్ళకు తెలిసింది.

నా పదవీ విరమణ సభకు ఆ కొడుకు వచ్చాడు. జుట్టు నెరసింది. పాదాలకు నమస్కరించి, 'తెర నేనే లాగిన సార్, యాది ఉన్నదా?' అన్నాడు నవ్వుతూ. యాది ఉన్నదన్నాను. అందరూ దండలతో తొందరపడుతున్నారు. చెప్పవలసిన మాట గొంతుదాకా వచ్చింది. ఈసారి అడ్డుపడినవారు ఎవరూ లేరు. అయినా చెప్పలేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, నా శిష్యురాలొకతె ఇప్పుడు వేరొక బడిలో ఉపాధ్యాయిని. ఆ నాడు మల్లమ్మ వేషం కట్టిన పిల్లే. పాత ప్రతి కావాలని ఫోను చేసింది. పంపుతాను, ఒక రంగం తిరిగి రాసి పంపుతానన్నాను. 'ముసలాయన రంగమేనా సార్?' అన్నది. 'నాకు కూడా ఒక జవాబు బాకీ ఉన్నరు' అని కూడా అన్నది. ఆమె బాకీ ఎలా తీర్చాలో తెలియక స్త్రీల రంగంలో మల్లమ్మ నోట ఆనాటి ఆమె ప్రశ్ననే పెట్టాను. రంగారావు దానికి జవాబు చెప్పడు. నాకే తెలియని జవాబు ఆయనచేత ఎలా చెప్పించను? పక్కకు చూస్తాడు, అంతే.

ముసలివాని రంగమే ముందుకు సాగడం లేదు. పాత ప్రతిలో నేను వాడిచేత సీసపద్యం పాడించాను. కాలుతున్న కోటలో, పసివాడి చెయ్యి పట్టుకొని, పరదేశి సైనికుడి ఎదుట, సీసం, దాని కింద తేటగీతి! కొట్టివేసినది మంచిదే అయింది ఒక విధంగా. వేదంవారు పాత్రోచిత భాష కావాలని వాదించి, తమ నాటకాలలో ఎవరి నోట వారి భాషనే పలికించారు. మేము పండిత శిక్షణలో ఆ వాదం చదువుకున్నాము, పరీక్ష రాశాము, మార్కులు తెచ్చుకున్నాము. ఆచరణలోకి వచ్చేసరికి రాజుదీ బంటుదీ ఒకే గ్రాంథికం చేశాను.

ఇప్పుడు వాడిచేత ఏ తెలుగు మాట్లాడించాలి? కలం పడితే ఖని తెలుగు వస్తున్నది. ఆ టింబర్‌మన్ గొంతు వస్తున్నది. అది రాస్తే నాకు కొంత బరువు తగ్గుతుందేమో. కాని బొబ్బిలి ముసలివాడు బొబ్బిలివాడు. నా బాకీ తీర్చుకోవడానికి వాడి నోటినుంచి వాడి మాట లాగివేస్తే రెండవసారి వాడిని కొట్టివేసినట్టే.

ఉత్తరాంధ్ర మిత్రులు ఈ పుట చదువుతారని తెలుసు. విజయనగరం, బొబ్బిలి, రాజాం, పార్వతీపురం ప్రాంతాలవారికి నా విన్నపం. మీ ఊళ్ళలో చదువుకోని వృద్ధులు మాట్లాడే తీరులో నాకు మూడే మూడు వాక్యాలు కావాలి. ఈ పిల్లవాడు ఫలానా వారి బిడ్డ. చంపమన్నది తండ్రి. చంపనిది నేను. అలంకారాలు వద్దు, పద్యం అసలే వద్దు. 'అయ్యగారు' అంటాడా, 'దొర' అంటాడా, 'బాబు' అంటాడా అన్నది కూడా తెలియజేయండి. శిష్యురాలు వచ్చే వారం అభ్యాసం మొదలుపెడుతుందట. ఆలోగా చెబితే చాలు.